స్క్రూడ్రైవర్ పట్టకముందు: టచ్ పనిచేయని ఫోను గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. షాపు తాళాలు చేతికొచ్చాయనీ, శ్రావణ మాసంలో తెరుస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. కోర్సులో మైక్రోస్కోపు కింద సోల్డరింగ్ నేర్పారు, బోర్డు మీద లైన్లు చదవడం నేర్పారు. ఆ పని నీకు బాగానే వచ్చని నాకు తెలుసు. కానీ కౌంటరు దగ్గర నిలబడ్డాక నువ్వు రోజూ వినబోయే మాట ఒకటుంది: "బాబూ, టచ్ పనిచెయ్యట్లేదు." దాని గురించే ఈ ఉత్తరం.

ఆ మాట వినగానే కాంబో, అంటే టచ్, డిస్‌ప్లే కలిసి వచ్చే పార్టు, ధర చెప్పే షాపులు చాలా ఉన్నాయి. నువ్వు అలా చెయ్యకు. సిస్టమ్ హ్యాంగ్ అయినా కస్టమరు టచ్ పోయిందనే అంటాడు. టెంపర్డ్ గ్లాసు లేచిపోయినా, చార్జర్ చెడిపోయినా, ఏదో సెట్టింగు పొరపాటున ఆన్ అయినా అదే అంటాడు. అసలు టచ్ ప్యానెల్ పోయినవాడు అనే మాట కూడా అదే. ఇన్ని కారణాల్లో డబ్బు ఖర్చయ్యేవి కొన్నే. మిగతావి నీ చేతుల్లో రెండు మూడు నిమిషాల్లో తేలిపోతాయి. అవి తేలేదాకా ధర మాట ఎత్తకు.

ముందు అడగాల్సినవి అడుగు. ఎప్పటి నుంచి ఇలా ఉంది? కింద పడిందా? తడిసిందా? ఈమధ్య గ్లాసు మార్పించారా? కొత్త చార్జరు కొన్నారా? అప్‌డేట్ ఏమైనా వేశారా? ఫోను పడిందని ఒప్పుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. వారంటీ పోతుందన్న భయం ఒకటి, ఇంట్లో తిడతారన్న భయం ఇంకొకటి. కాలేజీ పిల్లలైతే మరీను. అందుకే నిలదీసినట్టు అడగొద్దు. "పడితే ఒక రకంగా చూడాలి, పడకపోతే ఇంకో రకంగా చూడాలి, అందుకే అడుగుతున్నా" అని చెప్పు. నిజం దానంతట అదే బయటికి వస్తుంది.

తర్వాత వాల్యూమ్ బటన్ నొక్కి చూడు. తెర మీద వాల్యూమ్ గీత కదిలిందంటే సిస్టమ్ బతికే ఉంది, వేలు మాత్రమే అందడం లేదు. బటన్ నొక్కినా ఏ మార్పూ లేక, పవర్ నొక్కినా తెర ఆరకుండా ఉంటే అది హ్యాంగ్. టచ్‌కీ దానికీ సంబంధం లేదు. స్టోరేజీ నిండిపోయిన ఫోన్లు కూడా ఇలాగే చేస్తాయి. వేలు పెట్టిన నాలుగైదు సెకన్లకు అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. అలాంటి ఫోనులో వాట్సాప్ వీడియోలు తీయిస్తే సగం బాధ తీరుతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఇది తెలియక ఎంతోమంది దగ్గర డబ్బులు గుంజారు. ఆండ్రాయిడ్‌లో చూపు లేనివాళ్ళ కోసం టాక్‌బ్యాక్ అని ఒక సదుపాయం ఉంది. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే అది ఆన్ అయిపోతుంది. జేబులోనో, చంటిపిల్లల చేతిలోనో ఇది తేలిగ్గా జరుగుతుంది. అది ఆన్ అయితే ఒకసారి తాకితే ఏదీ తెరుచుకోదు. తాకిన దాని చుట్టూ గడి ఒకటి కనిపిస్తుంది, అంతే. తెరవాలంటే రెండుసార్లు గబగబా తట్టాలి, పేజీ కదపాలంటే రెండు వేళ్ళతో జరపాలి. శబ్దం తగ్గించి ఉంటే అది మాట్లాడుతున్నట్టు కూడా తెలియదు. పెద్దవాళ్ళు పాపం టచ్ పూర్తిగా పోయిందనుకుని కంగారుపడి వస్తారు. అదే రెండు బటన్లు మళ్ళీ పట్టుకుంటే ఆగిపోతుంది. లేదా గూగుల్ అసిస్టెంట్‌కు "టర్న్ ఆఫ్ టాక్‌బ్యాక్" అని చెప్పినా సరిపోతుంది. ఐఫోన్లో దీని పేరు వాయిస్ఓవర్, దాన్ని సిరికి చెప్పి ఆపొచ్చు. ఈ పనికి ఎవరి దగ్గరా పైసా తీసుకోకు. ఆ బటన్ల సంగతి వాళ్ళకు నేర్పించి పంపు.

ఇలాంటిదే ఇంకొకటి. "కాల్ మాట్లాడుతుంటే తెర నల్లబడి టచ్ పనిచెయ్యట్లేదు" అంటారు. పైన ప్రాక్సిమిటీ సెన్సర్ మీద గ్లాసో, కవరో, దుమ్మో అడ్డం వచ్చి ఉంటుంది. చెవి దగ్గరే ఉందనుకుని ఫోను తెర ఆపేస్తుంది. గ్లాసు తీసి, మెత్తటి బట్టతో తుడిచి, ఒక కాల్ చేసి చూపించు.

ఇవన్నీ కాదని తేలాక వేలి సంగతికి రావాలి. టచ్ ఎలా పనిచేస్తుందో నీకు తెలిసినా, కస్టమరుకు చెప్పాల్సి వస్తుంది కాబట్టి మామూలు మాటల్లో చెబుతున్నాను. తెర అద్దం కింద కంటికి కనిపించని సన్నటి విద్యుత్ గీతలు నిలువుగా, అడ్డంగా అల్లి ఉంటాయి. ఎక్కువగా ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో చేస్తారు. ఆ గీతల మధ్య ఒక చిన్న విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన ఒంట్లో నీరు, లవణాలు ఉన్నాయి కాబట్టి వేలు దగ్గరికి రాగానే అందులో కాస్త మనవైపు లాక్కుంటుంది. ఆ తేడా ఒక పికోఫారడ్ (విద్యుత్తును నిలుపుకునే శక్తికి చాలా చిన్న కొలత) కంటే తక్కువ. కంట్రోలర్ చిప్ సెకనుకు పదుల సార్లు, కొన్ని ఫోన్లలో వందల సార్లు గీతలన్నీ వెతికి వేలు ఎక్కడుందో లెక్క కడుతుంది. ఇందులో నొక్కడం అనేదే లేదు. 2008లో వచ్చిన నోకియా 5800 లాంటి పాత ఫోన్లు రెసిస్టివ్ రకం. వాటిలో రెండు పొరలు ఒకదానికొకటి తగిలేలా నొక్కాలి, గోటితో నొక్కినా పనిచేసేవి. ఆ అలవాటున్నవాళ్ళు ఇప్పటికీ తెరను గట్టిగా పొడుస్తారు. ఎంత పొడిచినా లాభం లేదు, పైగా లోపలి పొరలు దెబ్బతింటాయి.

అంత చిన్న తేడాతో నడిచే వ్యవస్థ కాబట్టే దాన్ని చెడగొట్టేవి ఎక్కువ. నీటి చుక్క కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి తెర దాన్ని వేలనుకుంటుంది. చెమట, నూనె, దోసెల పిండి అంటిన చెయ్యి సంగతీ అంతే. వానలో బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్ళు జిప్ కవరులో ఫోను పెట్టుకుంటారు. కవరు మీద చుక్కలు పడితే పేజీలు వాటంతటవే కదులుతాయి. పొడి బట్టతో తుడిస్తే పోయేదానికి రిపేరు ఎందుకు?

దీనికి పూర్తిగా ఎదురు సమస్య ఒకటుంది, దాని మీద నాకు చాలా పట్టింపు. తాపీ మేస్త్రీలు, పొలం పనివాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు వస్తారు. సిమెంటు తిని, కాయలు కాసి, ఆరిపోయిన వేళ్ళను టచ్ సరిగ్గా పట్టుకోదు. వాళ్ళ పిల్లల చేతిలో బ్రహ్మాండంగా పనిచేసే ఫోను వాళ్ళ చేతిలో మొరాయిస్తుంది. "నాకు చేతకావట్లేదయ్యా" అని వాళ్ళే తమను తక్కువ చేసుకుంటారు. వాళ్ళు అలా అనుకునేలా వదిలెయ్యొద్దు. శాంసంగ్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో టచ్ సెన్సిటివిటీ అని ఉంటుంది, ఇంకా కొన్ని ఫోన్లలో గ్లోవ్ మోడ్ ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యి. లావు గ్లాసు ఉంటే తీసి పలచటిది వెయ్యి. వేలి కొన బదులు వేలి మెత్తటి భాగం ఆనించమని చెప్పు, ముందు కాస్త తడి బట్టకు వేలద్దుకుంటే ఇంకా మంచిది. అప్పటికీ కుదరకపోతే కెపాసిటివ్ స్టైలస్, అంటే వేలి బదులు తెర గుర్తించే పెన్ను, ఒకటి ఇవ్వు, ఖరీదు తక్కువే. పెన్షన్ డబ్బులు చూసుకోవడానికీ, యూపీఐ పిన్ నొక్కడానికీ ఇంకొకరి చేతికి ఫోనివ్వాల్సిన అవసరం వాళ్ళకు రాకూడదు.

గ్లాసుల విషయంలో ఒకే నియమం పెట్టుకో: అనుమానం ఉన్న ప్రతి ఫోనుకూ ముందు గ్లాసు తీసి పరీక్షించు. కొత్త గ్లాసు ఊరికే వేస్తానని చెబితే ఎవరూ కాదనరు. అంచులకే జిగురు ఉన్న గ్లాసుల్లో మధ్యలో గాలి నిలిచి వేలు సరిగ్గా అందదు. వంపు తెరల ఫోన్లకు ద్రవం పోసి లైటు పెట్టి అతికించే యూవీ గ్లాసులు వస్తున్నాయి. ఆ ద్రవం కారి ఇయర్‌పీస్‌లోకీ, బటన్ల సందుల్లోకీ దిగి గట్టిపడితే తీయడం నరకం. అవి వేసే పని పెట్టుకుంటే సందులన్నీ టేపుతో మూశాకే వెయ్యి.

చార్జర్ సంగతి మన ఊళ్ళలో చాలా పెద్దది. "చార్జింగ్ పెట్టినప్పుడే టచ్ పిచ్చిగా చేస్తోంది" అని ఎవరన్నా అంటే పిన్ను పీకించి చూడు. బాగైపోయిందంటే ఫోనులో తప్పు ఏమీ లేదు. చవక అడాప్టర్లలో కరెంటును సరిగ్గా వడపోసే భాగాలు ఉండవు. ఆ గోల అంతా కేబుల్ గుండా ఫోనులోకి వస్తుంది, అందులో వేలి సంకేతం మునిగిపోతుంది. కొన్ని ఫోన్లకు లోహపు అంచు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది కూడా చార్జర్ నుంచి లీకయ్యే కరెంటు వల్లే. నీ దగ్గర మంచి చార్జర్, మంచి కేబుల్ ఒక్కొక్కటి పరీక్షకే ఉంచుకో. వాటిని అమ్మకానికి పెట్టకు, ఎవరికీ అరువివ్వకు.

వేడి కూడా ఒక కారణం. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో విజయవాడలో బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోను ఎంత వేడెక్కుతుందో నీకు చెప్పక్కర్లేదు. అలాంటి ఫోను వస్తే కవరు తీసి, నీడలో, ఫ్యాను గాలికి పెట్టు. ఫ్రిజ్‌లో పెట్టనివ్వకు, లోపల తేమ చేరుతుంది. చల్లబడ్డాక మళ్ళీ చూడు.

ఇక రీస్టార్ట్. అందరూ చెప్పే మొదటి సలహా ఇదే, నేను కావాలనే ఇంత ఆలస్యంగా చెబుతున్నాను. ఫోను ఒకసారి ఆగి మళ్ళీ మొదలైతే వేలిముద్ర, ముఖం పనిచేయవు. పిన్నో ప్యాటర్నో కొట్టి తీరాలి. టచ్ సగం చచ్చిన ఫోను ఇప్పుడు వేలిముద్రతో తెరుచుకుంటోంది అనుకో. నువ్వు రీస్టార్ట్ చేశాక పిన్‌లోని 5, 8 అంకెలు చచ్చిన భాగంలో పడితే ఇక లోపలికి దారి లేదు. అందుకే ముందు అడుగు: ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ ఉన్నాయా? లేకపోతే తెరుచుకుని ఉన్నప్పుడే కేబుల్ పెట్టి ముఖ్యమైనవి కంప్యూటర్లోకి దించు. ఆ తర్వాతే రీస్టార్ట్.

టచ్ లేకుండా రీస్టార్ట్ చేసే పద్ధతి ఒక్కో ఫోనుకు ఒక్కోలా ఉంటుంది. శాంసంగ్‌లో పవర్, వాల్యూమ్ డౌన్ రెండూ కలిపి ఏడెనిమిది సెకన్లు, అప్పటికీ కాకపోతే ఇంకాస్త సేపు పట్టుకోవాలి. మిగతా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌నే పది నుంచి ముప్ఫై సెకన్ల దాకా వదలకుండా నొక్కాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో వాల్యూమ్ అప్ నొక్కి వదిలి, వాల్యూమ్ డౌన్ నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. ఐఫోన్ 7లో వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి. అంతకన్నా పాతవాటిలో హోమ్, పవర్ కలిపి. ఇలా చేస్తే డేటా పోదు, ఆ మాట కస్టమరుకు ముందే చెప్పు, టెన్షన్ పడకుండా ఉంటారు.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకు. టచ్ ప్యానెల్ పోతే రీసెట్ చేసినా రాదు. పోయేది వాళ్ళ ఫొటోలు. పైగా రీసెట్ తర్వాత పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది గుర్తున్నవాళ్ళు తక్కువ.

ఓటీజీ అడాప్టరు (మౌసు లాంటివి ఫోనుకు తగిలించే పిన్ను), తీగ ఉన్న మౌసు నీ డ్రాయర్లో ఎప్పుడూ ఉండాలి. టచ్ పూర్తిగా చచ్చిన ఆండ్రాయిడ్ ఫోనుకు మౌసు తగిలిస్తే తెర మీద బాణం వస్తుంది. దాంతో ప్యాటర్న్ గీయొచ్చు, పిన్ కొట్టొచ్చు, బ్యాకప్ పెట్టొచ్చు. ఒప్పో, రియల్‌మీ లాంటి కొన్నిటిలో ఓటీజీ సెట్టింగు ముందే ఆన్ చేసి ఉండాలి, అది లేక బాణం రాకపోతే మౌసు పోయిందనుకోకు. ఐఫోన్లో ఈ దారి అంత తేలిక కాదు. ఐక్లౌడ్ బ్యాకప్ ఉందేమో ముందు కనుక్కో. పిన్ కొట్టేటప్పుడు మౌసు కస్టమరు చేతికే ఇచ్చి నువ్వు పక్కకు తిరుగు.

టచ్ కొంచెమైనా పనిచేస్తుంటే ఎక్కడ చచ్చిందో గీసి చూడాలి. సెట్టింగుల్లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి తెరంతా వేలితో గీతలు గియ్యి. శాంసంగ్ ఫోన్లలో డయల్ ప్యాడ్‌లో *#0*# కొడితే పరీక్ష పేజీ వస్తుంది. గీత ఎక్కడ తెగుతుందో చూడు. ప్రతిసారీ ఒకే చోట నిట్టనిలువుగానో అడ్డంగానో ఒక పట్టీలా తెగితే ఒక వరుస గీతలు పోయినట్టు, లేదా స్ట్రిప్ (బోర్డుకు కలిపే పలచటి పట్టీ తీగ) కనెక్టర్ వదులైనట్టు. పగులున్న మూలలోనే తెగితే పగులే కారణం. తెరంతా ఒకేసారి చచ్చి, బొమ్మ మాత్రం శుభ్రంగా కనిపిస్తుంటే కనెక్టర్ మీదా, టచ్ చిప్ మీదా అనుమానపడు. ఒక యాప్‌లోనే పనిచేయకపోతే తప్పు యాప్‌దే. ఫోను అడ్డంగా తిప్పి మళ్ళీ గియ్యి. చచ్చిన చోటు అద్దంలో అక్కడే ఉంటే హార్డ్‌వేర్. బొమ్మతోపాటు అదీ తిరిగితే సాఫ్ట్‌వేర్, అప్పుడు సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా, పెట్టి చూడాలి.

తనంతట తానే తాకుతున్నట్టు పేజీలు తెరుచుకునే ఫోను వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. మామూలుగా అది చార్జరో, తేమో, పగిలిన ప్యానెలో అయివుంటుంది. అలాంటి ఫోను లాక్ తెర మీద తప్పు పిన్‌లు తానే కొట్టుకుంటుంది. ఐఫోన్లో ఎరేజ్ డేటా అనే సెట్టింగు ఆన్ చేసి ఉంటే పది తప్పుల తర్వాత మొత్తం చెరిగిపోతుంది. కాబట్టి వెంటనే స్విచ్ఛాఫ్ చెయ్యి.

అయితే పేజీలు గందరగోళంగా కాక, ఒక పద్ధతిగా కదులుతున్నాయనుకో. మెసేజ్‌లు, బ్యాంకు యాప్ వరుసగా తెరుచుకుంటున్నాయి. అప్పుడు టచ్‌ను అనుమానించకు. ట్రాఫిక్ చలాన్ అనో, పెళ్ళి పత్రిక అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (నొక్కితే యాప్ ఎక్కించే ఫైలు) నొక్కి, ఫోనును మోసగాళ్ళ చేతికి ఇచ్చుకున్నవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఏరోప్లేన్ మోడ్ పెట్టు, వైఫై ఆపు, సిమ్ తియ్యి. కదలిక ఆగిందంటే ఆ అనుమానం బలపడుతుంది. వేరే ఫోను నుంచి కస్టమరు చేత బ్యాంకుకు చెప్పించు. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయించు, సైబర్ నేరాల ఫిర్యాదుకు అదే నంబరు. ఆ కాసేపు మిగతా పనులన్నీ పక్కన పెట్టు.

ఫోను పక్క నుంచి చూడు, వెనక మూత ఎక్కడైనా లేచిందా? తెర అంచు ఒకవైపు ఉబ్బిందా? బ్యాటరీ ఉబ్బి లోపలి నుంచి ప్యానెల్‌ను తోస్తే టచ్ పోతుంది. దాన్ని నొక్కి సరిచేయబోకు, చార్జింగ్ పెట్టకు. సూదిమొన లాంటిదేదీ దాని దగ్గరికి పోనివ్వకు. బ్యాటరీ మారిస్తే చాలాసార్లు టచ్ దానంతట అదే వస్తుంది.

వినాయక నిమజ్జనం మర్నాడు తడిసిన ఫోన్లు వరుసకడతాయి. సగం మంది బియ్యం డబ్బాలో పెట్టి తెస్తారు. బియ్యం వద్దని, దాని నూక ఫోనును పాడుచేస్తుందని 2024లో ఆపిల్ కూడా చెప్పింది. పోర్టు కిందికి పెట్టి మెల్లగా తట్టి, గాలి తగిలే చోట ఉంచాలి, ఎండేదాకా చార్జింగ్ పెట్టకూడదు. హెయిర్ డ్రైయర్ వద్దు. సూర్యలంక బీచికి వెళ్ళి సముద్రపు నీళ్ళలో పడేసుకుని వస్తే మాత్రం ఆరేదాకా ఆగకు. ఉప్పు కనెక్టర్లను తినేస్తుంది. స్విచ్ఛాఫ్ చేసి, విప్పి, బ్యాటరీ స్ట్రిప్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగు.

ఇంత చూశాక విప్పాల్సి వస్తే విప్పు. కానీ వారంటీ ఉండి, పగులు లేని ఫోనైతే విప్పకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపు. నీకు రావాల్సిన కూలి పోతుంది, పోనీ. కంపెనీ ఉచితంగా బాగుచేసే పథకాలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడు. 2018లో ఐఫోన్ X టచ్ సమస్యకు, 2020లో ఐఫోన్ 11లో కొన్నిటికి ఆపిల్ డిస్‌ప్లేలు ఉచితంగా మార్చింది. ఆ సంగతి తెలియకపోతే అప్పట్లో కస్టమరుకు అనవసరంగా ఖర్చయ్యేది.

విప్పగానే మొదటి పని బ్యాటరీ స్ట్రిప్ వేరుచేయడం. రెండోది డిస్‌ప్లే కనెక్టర్ ఊడదీసి, కుంచెతో ఆల్కహాల్ రాసి, ఆరనిచ్చి మళ్ళీ నొక్కడం. పడిన ఫోన్లలో ఇది సగం ఊడి ఉంటుంది. దీంతోనే టచ్ వస్తే కాంబో మార్చేదేమీ లేదు, కూలి మాత్రం తీసుకో. రాకపోతే కొత్త కాంబో తగిలించి, జిగురు పెట్టకముందే, అంటే ఇంకా వేలాడుతుండగానే, మూలలు సహా తెరంతా గీసి చూడు. చార్జర్ పెట్టి కూడా చూడు. జిగురు పెట్టాక లోపం కనబడితే పార్టు అమ్మినవాడు వాపసు తీసుకోడు. హైదరాబాదు జగదీశ్ మార్కెట్ నుంచి వచ్చినా, ఢిల్లీ గఫార్ మార్కెట్ నుంచి వచ్చినా అందరిదీ అదే మాట.

కొత్త కాంబోతోనూ టచ్ రాలేదంటే తప్పు బోర్డులో ఉంది. దీనికి ఐఫోన్ 6 ప్లస్ కథ తెలుసుకోవాలి. తెర పైన బూడిద రంగు పట్టీ మిణుకుమిణుకుమనేది, టచ్ వచ్చి పోయేది. డిస్‌ప్లే మార్చినా కొద్ది రోజులకే మళ్ళీ అదే గోల. అసలు తప్పు బోర్డు మీది టచ్ చిప్‌ల అతుకుల్లో ఉంది. ఫోను పెద్దది, పలచటిది కావడంతో వంగినా పడినా అతుకులు వదులయ్యేవి. 2016 నవంబరులో ఆపిల్ దానికోసం ప్రత్యేక రిపేరు పథకం పెట్టింది, అమెరికాలో 149 డాలర్లు తీసుకుంది. అప్పటికే ఎంతమంది డిస్‌ప్లేల మీద డిస్‌ప్లేలు కొన్నారో! అందుకే జిగురుకు ముందు పరీక్ష అంటున్నాను.

కాంబోల నాణ్యత విషయంలో దాపరికం వద్దు. పాత ఫోన్లలో టచ్ విడిగా, డిస్‌ప్లే విడిగా దొరికేవి. ఇప్పుడు చాలావాటిలో టచ్ డిస్‌ప్లేలోనే కలిసి ఉంటుంది, రెండూ మార్చాల్సిందే. అమోలెడ్ (ఖరీదైన రకం తెర) ఉన్న ఫోనుకు చవక రకమైన టీఎఫ్‌టీ కాపీ వేస్తే తెర కింది వేలిముద్ర పనిచేయదు, రంగులు మారతాయి, టచ్ కాస్త మొద్దుబారుతుంది. ఆ మాట ముందే చెప్పు. కాపీ తెరలకు అప్‌డేట్లతోనూ చిక్కే. 2017లో కాపీ తెరలు వేసిన కొన్ని ఐఫోన్ 6ఎస్‌లకు అప్‌డేట్ తర్వాత టచ్ పోయింది, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.0.3తో సరిచేశారు. 2018లో ఐఫోన్ 8కీ అలాగే అయితే 11.3.1 రావాల్సి వచ్చింది. ఒరిజినల్ ధర, కాపీ ధర, తేడాలు చెప్పి నిర్ణయం కస్టమరుకే వదులు. పాత ఫోను విలువలో సగానికి మించి ఖర్చయ్యేటట్టుంటే అదీ చెప్పెయ్. పై అద్దం మాత్రమే పగిలి టచ్, బొమ్మ బాగుంటే అద్దం ఒక్కటే మార్చే మెషిన్ ఉన్నవాడి దగ్గరికి పంపు. నువ్వు మెషిన్ కొనేదాకా అదే న్యాయం.

ఫోను నీ దగ్గర వదిలి వెళ్తుంటే సిమ్, మెమరీ కార్డు వాళ్ళ చేతికే ఇవ్వు. ఓటీపీలు వచ్చే సిమ్ నీ డ్రాయర్లో ఉండకూడదు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. టచ్ అనుమతిస్తే అవి ఆన్ చేయించు, వాళ్ళ ఫొటోలు నీకు కనబడవు. ఆ మోడ్ లేనప్పుడు పరీక్షకు డయల్ ప్యాడ్, కెమెరా చాలు, గ్యాలరీ తెరవకు. ఆడపిల్లలు మన షాపుకు ధైర్యంగా రావాలంటే ఇది తప్పదు. పని చేసే బల్ల కస్టమరుకు కనబడేలా పెట్టుకో.

డెలివరీ పనిచేసేవాళ్ళకు ఫోను లేకపోతే ఆరోజు కూలి లేదు. వాళ్ళ కోసం పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి సిద్ధంగా ఉంచు, సిమ్ వేసుకుని వెళ్ళి సాయంత్రం తెచ్చిస్తారు. నా దగ్గర రెండున్నాయి, బ్యాటరీలు మార్చి పంపుతాను. మంచి ఓటీజీ అడాప్టరు, మెత్తటి కుంచెలు, ఆల్కహాల్ సీసా కూడా అదే పెట్టెలో పెడుతున్నాను. సీసాను బస్సువాళ్ళు పార్సిల్‌లో ఒప్పుకోకపోతే నేను వచ్చినప్పుడే తెస్తాను. బిల్లు పుస్తకం మాత్రం నువ్వే వేయించు. అందులో ఏ పార్టు వేశావో, ఒరిజినలో కాపీయో, ఎన్నాళ్ళు గ్యారంటీయో రాసే గడులు ఉండేలా చూసుకో.

ఇట్లు,
మామయ్య